మదరాసుకి రాజెవరు? పదిహేడో శతాబ్దాన్ని క్లాసులో విప్పడం ఎలా

పదిహేడో శతాబ్దం అనగానే మన సోషల్ పుస్తకాల్లో కనిపించేవి తాజ్‌మహల్, ఔరంగజేబు, శివాజీ. బాగానే ఉంది. అదే నూరేళ్ళలో మనం రోజూ బస్సులెక్కి దిగే ఈ చెన్నై తీరంలో ఏం జరిగింది అని అడిగితే మాత్రం పుస్తకం నీళ్ళు నములుతుంది. 1565 తళ్ళికోట యుద్ధంతో విజయనగరం పాఠం అయిపోతుంది, పేజీ తిప్పితే 1757 ప్లాసీ వచ్చేస్తుంది, మధ్యలో రెండు వందల ఏళ్ళని ఒక్క పేరాలో కుక్కుతారు, ఆ పేరాలో ఊపిరి తిప్పుకోనివ్వకుండా పేర్లే పేర్లు.

నేను ఉత్తర చెన్నైలో ఒక బడిలో ఏడు, ఎనిమిది తరగతులకి సోషల్ చెబుతుంటాను. క్లాసులో చాలామందివి నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు. ఆ పేరా చదివించాక వీళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మిస్, అప్పుడు ఇక్కడ రాజెవరు?"

జవాబు చెప్పబోతే తల ప్రాణం తోకకొస్తుంది. 1639నే తీసుకోండి. పేరుకి అందరికీ పైన ఉన్నది విజయనగర రాయలు, మూడో వెంకటపతి. కానీ హంపి పోయి డెబ్బై ఏళ్ళు దాటింది, చంద్రగిరి, వేలూరుల చుట్టూ మిగిలిన రాజ్యాన్ని ఎలాగో నెట్టుకొస్తున్నారు. ఆయన కింద తంజావూరు, మదురై, సెంజి నాయకులు. 'కింద' అన్నమాటే గానీ ఎవరి సైన్యం వాళ్ళది, ఎవరి ఖజానా వాళ్ళది. మదరాసు చుట్టుపక్కల నేల మీద పెత్తనం వందవాసిలో ఉండే దామర్ల వెంకటాద్రి నాయకుడిది, పూనమల్లి వైపు చూసుకునేది ఆయన తమ్ముడు అయ్యప్ప. శాంతోంలో పోర్చుగీసులు, పులికాట్‌లో డచ్చివాళ్ళు, దక్షిణాన తరంగంబాడిలో డేన్లు. ఉత్తరాన గోల్కొండ కుతుబ్‌షాహీల కన్ను ఈ తీరం మీదే ఉంది. ఇంకో యాభై ఏళ్ళు ముందుకి జరిగితే మరాఠాలూ మొగలులూ కూడా దిగుతారు.

ఒక్క పేరు చెబితే అబద్ధం, అన్నీ చెబితే అయోమయం. అందుకే నేను ఆ ప్రశ్ననే పక్కన పెట్టించేస్తాను. ఎవరికి ఎవరి అనుమతి కావాలి, ఎవరు ఎవరికి డబ్బు కడుతున్నారు? ఈ రెండూ అడగడం అలవాటైతే పన్నెండేళ్ళ పిల్లలు కూడా ఆ శతాబ్దాన్ని దారం లాగినట్టు లాగేస్తారు. కింద చెప్పే పనులన్నీ ఆ రెండు ప్రశ్నల చుట్టూ తిరిగేవే.

బేరం

మొదటి పని బేరం ఆడించడం. నాటకం అనొద్దు. అన్నారంటే పిల్లలు కిరీటాలు తెచ్చుకుంటారు, డైలాగులు బట్టీ పడతారు, అసలు సంగతి అటకెక్కుతుంది. చీటీలు పంచితే చాలు. ప్రతి చీటీలో ఒక మనిషి పేరు, అతనికి ఏం కావాలి, అతను దేనికి భయపడుతున్నాడు. అంతే.

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తరఫున ఇక్కడ చోటు అడగడానికి వచ్చిన ఫ్రాన్సిస్ డే చీటీలో ఇలా ఉంటుంది: 1626 నుంచి నెల్లూరు తీరంలో దుర్గరాజపట్నం దగ్గర కంపెనీకి ఒక గిడ్డంగి ఉంది గానీ వ్యాపారం సాగడం లేదు, కొత్త చోటు కావాలి. మదరాసు చుట్టుపక్కల నేత గుడ్డ మిగతా చోట్లకన్నా నూటికి ఇరవై వంతులు చవక. ఇది డే నిజంగానే తన పైవాళ్ళకి రాసిన మాట. ఆ పైవాళ్ళలో ఒకడు మచిలీపట్నంలో కూర్చున్న ఆండ్రూ కోగన్, అతన్ని ఒప్పించాలి, లండన్ ఖర్చు పెట్టొద్దంటుంది.

వెంకటాద్రి నాయకుడి చీటీ చదవగానే క్లాసంతా నవ్వుతుంది. ఆయన ఇంగ్లీషువాళ్ళని ఎందుకు రమ్మంటున్నాడో కంపెనీ కాగితాల్లో నమోదై ఉంది: తన సీమ బాగుపడి డబ్బు ఆడాలి, పర్షియా నుంచి మంచి గుర్రాలు రావాలి, ఏటా బంగాళాఖాతం అవతలికి మనిషిని పంపి డేగలూ కోతులూ చిలకలూ కొనిపించుకోవాలి, కోట గట్టిగా కడితే పక్కవాళ్ళు మీదపడ్డప్పుడు తల దాచుకోవడానికి పనికొస్తుంది. చిలకల దగ్గర నవ్వుతారు, సరే, నవ్వనివ్వండి. తర్వాత నిదానంగా అడగండి: ఈ నాలుగింట్లో అన్నిటికన్నా అసలైన భయం ఏది? ఎవరో ఒకరు కోట అంటారు. ఎవరి నుంచి రక్షణ? పక్క నాయకుడి నుంచా, పై రాయల నుంచా, గోల్కొండ నుంచా? అప్పుడిక బోర్డు మీద మ్యాపు గీయక తప్పదు, అదీ పిల్లలే అడిగి గీయిస్తారు.

ఈ బేరంలో ఒక నిబంధన ముఖ్యం. డేకీ నాయకుడికీ ఒకరి భాష ఒకరికి రాదు కాబట్టి నేరుగా ఒక్క మాట కూడా మాట్లాడుకోకూడదు. మధ్యలో దుబాసీ ఉండాలి. మదరాసు మొదలైన కాలంలో కంపెనీ పెద్ద వర్తకుడిగా, దుబాసీగా బేరి తిమ్మన్న పేరు చెబుతారు, ఆ పేరే చీటీ మీద రాస్తాను. ఈ పాత్ర క్లాసులో మాట తక్కువ పిల్లకో పిల్లాడికో ఇచ్చి చూడండి. రెండు వైపుల మాటా చెవిలో వేసుకుని ఎంత చెప్పాలి, ఎంత మింగెయ్యాలి అని తనే తేల్చుకోవాలి. బేరం కుదిరితే తనకీ లాభమే అని చీటీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకసారి ఒక పాప "మీరు సుంకంలో పావు వంతే ఇస్తానన్నారు, నేను సగం అని చెప్పేశాను, ఆయన చాలా సంతోషించాడు" అని డే మొహం మీదే చెప్పేసింది. దుబాసీ చేతిలో ఎంత బలం ఉందో చెప్పడానికి నాకిక పాఠం అక్కర్లేకపోయింది.

రాయల్ని ఆఖరి బెంచీలో కూర్చోబెట్టండి. ఆయనకి కబురు వెళ్ళాలంటే మనిషి నడిచి వెళ్ళాలి, ఈలోగా ముందు బెంచీలో బేరం తెగిపోతుంది. నేతగాళ్ళని కిటికీ దగ్గర నిలబెట్టండి. వాళ్ళని ధర అడగొచ్చు, వాళ్ళు మాత్రం ఎవరినీ ఏమీ అడగకూడదు. పీరియడ్ చివర్లో ఎవరికి కోపమొచ్చింది అని అడిగితే ముందు చేతులెత్తేది వీళ్ళే.

బేరం అయ్యాక అసలు ఒప్పందం చదవండి. 1639 పట్టాలో ఇంగ్లీషువాళ్ళకి దక్కినవి: కోట కట్టుకోవచ్చు, నాణేలు ముద్రించుకోవచ్చు, మొదటి రెండేళ్ళు ఊరి పెత్తనం, ఆ తర్వాత రేవు సుంకం, ఆదాయం నాయకుడితో చెరి సగం. కోట ఖర్చు ముందు నాయకుడే పెట్టుకుంటాడని డే చెప్పుకొచ్చాడు. తీరా 1640 ఫిబ్రవరిలో కోగన్, డే సామాను సర్దుకుని ఇక్కడ దిగి చూస్తే అటునుంచి పైసా రాలలేదు, ఖర్చంతా కంపెనీ నెత్తినే పడింది. ఏప్రిల్ 23 సెయింట్ జార్జి పండగ, కోటకి ఆ పేరే పెట్టారు. ఊరికి దామర్ల సోదరుల తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం అని.

ఇక్కడికొచ్చేసరికి ఎవరో ఒకరు ఇంట్లో విన్న మాట తెస్తారు. "మా తాత మదరాసు మనదే అంటాడు మిస్, మన నాయకులే అమ్మేశారంట కదా?" దీన్ని దాటెయ్యకండి. పట్టా మళ్ళీ చదివించి, ఇందులో అమ్మకం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. చూపించలేరు. సగం ఆదాయం తన దగ్గరే ఉంచుకున్నవాడు అమ్మినట్టా? పైన రాయలు ఉండగా అమ్మే హక్కు ఆయనకుందా? మరి కంపెనీ తన తృప్తి కోసం 1645లో మళ్ళీ, వెంకటపతి తర్వాత వచ్చిన శ్రీరంగరాయల దగ్గరికి వెళ్ళి ఇంకో పట్టా ఎందుకు తీసుకుంది? ఇది తెలుగువాళ్ళు గొప్పా తమిళులు గొప్పా అనే గొడవ వైపు జారకుండా పట్టుకోవడం మీ పని. నా అనుభవంలో కాగితం చేతిలో ఉంటే అంతగా జారదు.

కౌలు లెక్క

రెండో పని లెక్కల పీరియడ్‌లో చేయించుకోవచ్చు, లెక్కల టీచర్‌తో సఖ్యంగా ఉంటే.

బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, ఆ గీత మీద కంపెనీ ఎవరికి ఎంత కట్టిందో రాస్తూ పోతాం. 1639లో దామర్లవారికి సుంకంలో సగం. 1646-47లో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా ఈ సీమంతా తీసేసుకున్నాడు, దామర్లవారి పెత్తనం పోయింది, 1647లో కంపెనీ వెళ్ళి మీర్ జుమ్లా దగ్గర పాత హక్కులు ఖాయం చేయించుకుంది. 1658లో సగం వాటా పద్ధతి పోయి ఏటా 380 వరహాలు కడితే చాలని కుదిరింది. 1672లో గోల్కొండ అధికారి నెక్నాం ఖాన్ ఇచ్చిన కౌలుతో అది 1,200 వరహాలైంది. 1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నాడు, కుతుబ్‌షాహీలు పోయారు, కౌలు సొమ్ము కట్టాల్సిన చోటు మారింది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళకి ఓనర్లు మారుతూ వచ్చినట్టు ఉందా? పిల్లలకి ఇది చటుక్కున తగులుతుంది, వాళ్ళలో చాలామందికి ఆ బాధ తెలుసు. రాయలు పోయాడు, నాయకుడు పోయాడు, సుల్తాను పోయాడు, అద్దెకున్నవాడు కదల్లేదు.

లెక్క ఇక్కడ మొదలవుతుంది. ఒక ఏడు సుంకం వెయ్యి వరహాలు వచ్చిందనుకుందాం, ఊరికే లెక్క కోసం. సగం పద్ధతిలో ఐదు వందలు పోతాయి. ఊరు పెరిగి మరుసటేడు రెండు వేలు వస్తే వెయ్యి పోతాయి. అదే నిలకడ సొమ్ము 380 అయితే? వెయ్యి వచ్చినా, రెండు వేలు వచ్చినా, ఐదు వేలు వచ్చినా 380 మాత్రమే. పిల్లల్ని పట్టిక వేయమనండి, ఏ పద్ధతిలో ఏ ఏడు ఎంత కట్టాలో గ్రాఫు గీయమనండి. ఒక గీత పైకి ఎగబాకుతుంది, రెండోది బల్లపరుపుగా పడుకుంటుంది. ఆ రెండు గీతల మధ్య పెరుగుతున్న ఖాళీ ఉంది చూడండి, కంపెనీ వర్తకుడి స్థాయి నుంచి ఊరి యజమాని స్థాయికి ఎలా ఎగబాకిందో చాలావరకు అందులోనే ఉంది. తుపాకులూ కోటగోడలూ నిజమే, కానీ క్లాసులో వాటి గురించి చెప్పడం తేలిక, ఈ ఖాళీ గురించి ఎవరూ చెప్పరు.

మరి గోల్కొండవాళ్ళు ఎందుకు ఒప్పుకున్నట్టు? ఈ ప్రశ్న పిల్లల నుంచి రావాలి, రాకపోతే మీరే అడగండి. సగం వాటా కావాలంటే ఊళ్ళో తమ మనిషిని కూర్చోబెట్టి ప్రతి మూటా లెక్కబెట్టించాలి, ఆ మనిషికి జీతం ఇవ్వాలి, అతను కంపెనీతో కుమ్మక్కు కాకుండా చూసుకోవాలి. నిలకడ సొమ్ముకి ఆ తలనొప్పి లేదు, యుద్ధాల కాలంలో చేతికొచ్చే రొక్కమే రొక్కం. ఇద్దరికీ ఆ రోజుకి లాభంగా కనిపించిన బేరమే. 1672లోనే ఫ్రెంచివాళ్ళు వచ్చి పక్కనే శాంతోం పట్టుకుని 1674 దాకా కూర్చున్నారని కూడా చెబితే, గోల్కొండకి ఇంగ్లీషువాళ్ళతో సఖ్యత ఎంత అవసరమో పిల్లలే కలుపుకుంటారు.

శివాజీ అంటే చెవులు నిక్కబొడుచుకునే పిల్లలుంటారు, వాళ్ళ కోసం ఒక చిన్న ముక్క. 1677 మేలో శివాజీ దక్షిణ దండయాత్రలో ఉన్నప్పుడు మదరాసు కంపెనీ పెద్దలకి కబురు పంపి కొన్ని మందులూ విషానికి విరుగుడు రాళ్ళూ అడిగాడు. వాళ్ళు డబ్బు తీసుకోకుండా పంపించేశారు. ఎందుకు తీసుకోలేదో ఒక వాక్యంలో రాయమంటే ఎవరు ఎవరికి భయపడుతున్నారో వాళ్ళకే తెలుస్తుంది.

గుడ్డ మీద నలుపు

ఇంత హడావుడీ దేనికోసం? గుడ్డ కోసం. కోటా గుడీ చర్చీ అన్నీ తర్వాత. మసాలా దినుసుల దీవుల్లో వెండికన్నా మన తీరపు గుడ్డకి గిరాకీ ఎక్కువ, అది ఇచ్చి అక్కడ మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనేవాళ్ళు. డచ్చివాళ్ళు 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టుకుని కూర్చున్నది ఆ గుడ్డ కోసమే. అందుకే నేను ఎక్కువ సమయం ఇచ్చేది ఈ పనికి. గజిబిజి, మరకలు, హెడ్మిస్ట్రెస్ కనుబొమలు, అన్నీ భరించాలి.

కలంకారీని మనం చీరల కొట్టులో చూసి ప్రింటు అనుకుంటాం. పదిహేడో శతాబ్దంలో యూరోపువాళ్ళకి నోట మాట రాకుండా చేసింది బొమ్మల అందం ఒక్కటే అనుకోకండి. ఉతికినా రంగు పోకపోవడం వాళ్ళని ఇంకా ఎక్కువ ఆశ్చర్యపరిచింది. అది ఎలా అన్నది చేతులతో చేస్తేనే తెలుస్తుంది.

కావాల్సినవి: పాత తెల్ల నూలు పంచె (పాలియెస్టర్ కలిస్తే పనికిరాదు), నాటుమందుల కొట్టులో దొరికే కరక్కాయ పొడి, మంజిష్ఠ, పటిక, అంట్లు తోమే స్టీలు పీచు, వెనిగర్. స్టీలు పీచుని వెడల్పు మూతి సీసాలో వేసి వెనిగర్ పోసి మూడు నాలుగు రోజులు వదిలెయ్యాలి. మూత బిగించకండి, లోపల గ్యాసు పుడుతుంది. అసలు పనివాళ్ళు ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు, బడిలో అంత ఓపిక ఎవరికీ ఉండదు, వాసన కూడా భరించలేం. గంజి పోయేలా ఉతికిన పంచె ముక్కల్ని కరక్కాయ నీళ్ళలో నానబెట్టి నీడన ఆరబెడితే లేత పసుపు రంగుకి తిరుగుతాయి. శ్రీకాళహస్తిలో ఇందులో గేదె పాలు కూడా కలుపుతారు, గీసిన గీత పాకిపోకుండా.

ఇప్పుడు వెదురు పుల్లకి నూలు చుట్టి, ఆ ఇనుప నీళ్ళలో ముంచి గీయమనండి. సీసాలో ఆ నీళ్ళు నీరుకావి రంగులో, ఏమంత గొప్పగా ఉండవు. గుడ్డ తగలగానే గీత బూడిద రంగుకొచ్చి, చూస్తూ చూస్తూ ఉండగానే నల్లబడిపోతుంది. ప్రతి ఏడూ ఆ క్షణంలో క్లాసు మొత్తం బెంచీల మీదకి వంగుతుంది. కరక్కాయలో ఉన్న వగరు పదార్థం ఇనుముతో కలిసి నలుపు పుట్టింది, పోసిన రంగు కాదది, గుడ్డలోనే పుట్టిన రంగు. యూనిఫాం మీద పడినా అంతే సంగతులు, పాత చొక్కాలు తెచ్చుకోమని ముందే చెప్పండి, లేకపోతే సాయంత్రానికి ఇళ్ళ నుంచి ఫోన్లు మొదలవుతాయి.

ఎరుపు ఇంకా చిత్రం. ఇంకో గుడ్డ మీద పటిక నీళ్ళతో ఆకులూ పువ్వులూ గీయించండి. ఆరాక చూస్తే ఏమీ కనిపించదు. ఆ గుడ్డని మంజిష్ఠ నీళ్ళలో ఉడికించి బాగా జాడిస్తే పటిక రాసిన చోట ఎరుపు గట్టిగా పట్టుకుని నిలబడుతుంది, రాయనిచోట లేత మరక మిగిలి ఉతుకులకి వదులుతూ పోతుంది. మన తీరంలో అప్పట్లో ఎరుపుకి వాడింది చిరివేరు అనే మొక్క వేరు, నిజాంపట్నం వైపు పండిన చిరివేరు ఎరుపుకి పేరు పడింది. నీలానికి పద్ధతి వేరే, అక్కర్లేని చోటల్లా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచాలి. ఇది బడిలో వద్దు, మాటల్లో చెప్పేస్తే చాలు.

రసాయనం అయ్యాక చరిత్రలోకి మళ్ళీ రావాలి, లేకపోతే ఇది క్రాఫ్ట్ పీరియడ్ అయిపోతుంది. పిల్లల్ని మూడు గుంపులు చేసి ఒకే పువ్వు తీగని ముగ్గురు కొనుగోలుదార్లకి గీయమంటాను. ఒకరు గోల్కొండ దర్బారు, ఒకరు దీవుల్లో లవంగాలు అమ్మే వర్తకుడు, మూడోది లండన్. లండన్ చీటీలో నిజమైన సంగతే ఉంటుంది: 1643లో కంపెనీ పెద్దలు సూరత్‌లో తమవాళ్ళకి రాశారు, ఎర్ర నేల మీద వచ్చే మీ దుప్పట్లు ఇక్కడ అందరికీ నచ్చడం లేదు, తెల్ల నేల ఎక్కువ ఉంచి మధ్యలో కొమ్మలూ పూలూ రంగుల్లో వేయించండి అని. ఆ ఒక్క ఉత్తరంతో 'మన సంప్రదాయ కళ' అని మనం అనుకునేదానిలో కొనేవాడి ఇష్టం ఎంతుందో బయటపడుతుంది. పక్కన న్యూయార్క్ బ్రూక్లిన్ మ్యూజియంలో ఉన్న కోరమాండల్ (అంటే మన ఈ తీరమే) తెర బొమ్మ చూపించండి. 1610-40 మధ్యది, ఏడు పలకలుగా ఉంటుంది. మ్యూజియం సైటులో పెద్ద ఫోటో దొరుకుతుంది. టోపీలవాళ్ళు, తలపాగాలవాళ్ళు, పంచెలవాళ్ళు, మేడల్లో కూర్చున్నవాళ్ళు, గీసినవాడు ఇంతమందిని ఎక్కడ చూసి ఉంటాడు అని అడిగితే చాలు, పీరియడ్ అయిపోతుంది.

తంజావూరు వైపు

సంస్కృతి అనగానే పుస్తకాల్లో భవనాల పేర్లు వస్తాయి. నేను ఒక ఉత్తరంతో మొదలుపెడతాను. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడు డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్‌కి బంగారు రేకు మీద ఉత్తరం రాయించాడు, తరంగంబాడిలో డేన్లకి చోటిచ్చిన సందర్భంలో. ఉత్తరం తమిళంలో, రఘునాథుడి సంతకం తెలుగులో. ఇప్పటికీ డెన్మార్క్ ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంది. స్వీట్ల పెట్టెలోని బంగారు రంగు కాగితం మీద రీఫిల్ అయిపోయిన పెన్నుతో ఒత్తి రాయించండి, రెండు గీతలు రాసేసరికే పొదుపుగా రాయాలని అర్థమవుతుంది. ఇంట్లో ఒక భాష, బయట ఇంకో భాష అన్నది తమ ఒక్కరి అవస్థే అనుకునే మా పిల్లలకి ఆ సంతకం చాలా దగ్గరగా తోస్తుంది. ఈ కలగాపులగం ఇంకా ముందుకెళ్తుంది: 1673లో నాయక వంశం కూలింది, కొద్ది కాలానికే శివాజీ సవతి తమ్ముడు ఏకోజీ తంజావూరు ఎక్కాడు, ఏకోజీ కొడుకు శాహజీ తమిళ సీమలో కూర్చుని తెలుగులో పల్లకీ సేవా ప్రబంధం రాశాడు. మరాఠీ రాజు!

రఘునాథుడి సభలో రామభద్రాంబ సంస్కృతంలో కావ్యం రాసింది, ఆయన కొడుకు విజయరాఘవుడి సభలో రంగాజమ్మ తెలుగులో యక్షగానాలు రాసింది. అమ్మాయిలకి ఈ ఇద్దరి పేర్లూ తప్పకుండా చెప్పండి. క్షేత్రయ్య పదాలు కూడా ఈ కాలానివే, కానీ ఎనిమిదో తరగతిలో వాటి అర్థం వివరించే ధైర్యం నాకు లేదు, రాగం వినిపించి ఊరుకుంటాను.

సంగీతం నేర్చుకునే పిల్లలు చెన్నైలో ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్ళని ముందుకి పిలిచే అవకాశం ఇది. విజయరాఘవుడి కాలంలోనే వేంకటమఖి తన సంగీత గ్రంథం చతుర్దండీ ప్రకాశికలో 72 మేళాల (రాగాలకి మూలమైన స్వర వరసల) లెక్క కట్టాడు. ఆ లెక్క పిల్లలు చేత్తో వేయగలరు. స రి గ మ ప ద ని లో స, ప కదలవు. స కీ మ కీ మధ్య నాలుగు మెట్లు, వాటిలో రెండు ఏరుకుని రి, గ చేయాలి. ఎన్ని రకాలుగా? చీటీలు పేర్చి చూస్తే ఆరు. ప తర్వాత ద, ని కీ అలాగే ఆరు. మ రెండు రకాలు. ఆరు ఆరుల ముప్ఫై ఆరు, ఇంటూ రెండు, డెబ్బై రెండు. దీని తర్వాత చెప్పాల్సిన ముక్క మరిచిపోకండి: ఆయన కాలంలో వాడుకలో ఉన్నవని ఆయనే చెప్పినవి పంతొమ్మిదే. మిగతావన్నీ అప్పటికి కాగితం మీద మాత్రమే ఉన్నాయి. పాడనివాటికి కూడా ముందే చోటు కట్టి పెట్టిన మనిషి అని చెప్పినప్పుడు లెక్కల మీద విసుగున్న పిల్లలు కూడా కాసేపు ఆలోచనలో పడతారు.

బొమ్మల వైపు తిరువారూరు గుడిలో దేవాశిరియ మండపం కప్పు చూపించండి. ముచుకుందుడి కథ వరసలు వరసలుగా, కింద తమిళంలో వివరం రాసి, అచ్చం కామిక్ పుస్తకంలా ఉంటుంది. వెంకటాద్రి, డే బేరాన్ని అదే పద్ధతిలో పట్టీలుగా గీయిస్తే గోడ మీద ఏడాదంతా ఉంటుంది.

కొన్నిటిని మాత్రం ఆడించకండి. 1646-47లో ఈ తీరంలో ఘోరమైన కరువొచ్చింది. పులికాట్ నుంచి డచ్చివాళ్ళు మనుషుల్ని కొని ఓడల్లో బటావియా (ఇప్పటి జకార్తా) వైపు తీసుకెళ్ళారు, కరువు రోజుల్లో ఆ అమ్మకాలు పెరిగాయి. 1652లో మదరాసులో, కోట బయట మనవాళ్ళుండే బ్లాక్ టౌన్‌లో, కుడిచేయి, ఎడమచేయి అని రెండు పక్షాలుగా ఉన్న కులాల వాళ్ళు కొట్టుకుంటే వీధులు పంచి హద్దులు రాయాల్సొచ్చింది. బానిస బజారుని, కులం కొట్లాటని క్లాసులో పిల్లల చేత నటింపజేసే వర్క్‌షీట్లు నేను చూశాను. నా మాట వినండి, వద్దు. చీటీలో ఎవరికి ఏది పడినా ఆ పిల్లకి బయట గ్రౌండ్‌లో అదే పేరవుతుంది. వీటికి మ్యాపు చాలు, ఓడ దారి గీయండి, కరువు ఏడాదిలో ఎవరు ఎవరిని అమ్ముకున్నారో, ఎందుకో మెల్లగా చెప్పండి, ప్రశ్నలకి సమయం వదిలెయ్యండి. పాఠం తప్పించడం మాత్రం మర్యాద కాదు, పులికాట్ వెళ్ళి డచ్చి సమాధుల చెక్కడాలు చూసి ఫోటోలు దిగి వచ్చేస్తే సరిపోదు.

బయటికి తీసుకెళ్ళగలిగితే పులికాట్ కన్నా ముందు కోట దగ్గరి పారీస్ కార్నర్ చాలు. కోటలో 1680లో తెరిచిన సెయింట్ మేరీ చర్చి ఉంది, ఫోర్ట్ మ్యూజియం ఉంది (శుక్రవారం మూసేస్తారు, గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటుంది, బడి లెటర్‌హెడ్ మీద ఉత్తరం పట్టుకెళ్ళండి). కోట గోడ దగ్గర నిలబెట్టి సముద్రం ఎంత దూరమో చూడమనండి, అప్పట్లో అలలు దాదాపు గోడ దాకా వచ్చేవి, హార్బర్ కట్టాక ఇసుక మేట వేసి అవతలికి జరిగింది. అక్కణ్ణించి నడిచి హైకోర్టు దాటించండి. ఊరి తొలి చెన్నకేశవ పెరుమాళ్ గుడి ఆ చోటే ఉండేది, పద్దెనిమిదో శతాబ్దంలో కోట భద్రత కోసం పడగొట్టారు, తర్వాత పూలబజారు దగ్గర దేవరాజ ముదలి వీధిలో మళ్ళీ కట్టారు. ఆ గుడిలో దండం పెట్టుకుని బయటికొచ్చాక ఇక్కడ ఎవరికి ఎవరి అనుమతి కావాల్సొచ్చింది అని అడగండి.

పరీక్షకి నేను ఇచ్చే ప్రశ్న ఒకటి చెబుతాను. 1672 నుంచి కంపెనీ ఏటా గోల్కొండకి కట్టిన 1,200 వరహాలు అద్దెనా, పన్నా, మామూలా? ఒకటి ఎంచుకుని ఎందుకో రాయండి. దీనికి కీ లేదని తోటి టీచర్లు విసుక్కుంటారు, నిజమే. పేపర్లు దిద్దేటప్పుడు నేను చూసేవి ఇవి: ఎవరు ఎవరికి కట్టారో ఉందా, బదులుగా ఏం దక్కిందో ఉందా, కట్టకపోతే ఏమయ్యేదో ఊహించారా. మూడింట్లో రెండుంటే ఫుల్ మార్కులు. మామూలు అని రాసినవాళ్ళకి కూడా.